ఆయిల్ తెట్టు ఉన్న మూలలో ఫిష్ ఫైండర్ రెండో గీత చూపిస్తోంది, ఎందుకు?

ఆకివీడు_కుర్రోడు
అందరికీ నమస్కారమండి. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా పెదనాన్నగారి చేపల చెరువు ఐదెకరాలు ఉంటుంది. అడుగున బురద ఎక్కడెక్కడ ఎంత పేరుకుందో చూద్దామని సెలవుల్లో ఒక వైర్‌లెస్ ఫిష్ ఫైండర్ కొన్నాను. తాడు కట్టి నీళ్ళలోకి విసిరితే తేలుతూ, కిందికి ధ్వని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోతు కొలిచి ఫోన్‌కి సిగ్నల్ పంపే రకం, 200 కిలోహెర్ట్జ్.

చెరువంతా ఆరడుగుల దగ్గర నేల గీత బాగానే వస్తోంది. ఒక మూల ఆయిల్ ఇంజిను ఉంది. దాన్నుంచి డీజిల్ చుక్కలు చుక్కలుగా కారి నీటి మీద రంగురంగుల తెట్టు కడుతుంది. ఆ మూలలో విసిరితే ఆరడుగుల గీతతో పాటు పన్నెండు అడుగుల దగ్గర ఇంకో గీత వస్తోంది, అదీ లావుగా. మా చెరువు పన్నెండు అడుగులు లేదు. మధ్యాహ్నం పూట అవతలి గట్టు దగ్గర ఈ రెండో గీత రాదు, వచ్చినా ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

"ఆయిలు సౌండుని పట్టేస్తోందిరా" అంటారు పెదనాన్న. పట్టేస్తే గీత తగ్గాలి కదా, పెరిగిందేంటి? అసలు కంటికి సరిగ్గా ఆనని పొరకి ధ్వనిని మార్చేంత శక్తి ఉందా?

రేవు_శీను (కాకినాడ)
తమ్ముడూ, రెండో గీత అంటే గట్టి నేల. మా బోట్ల మీద ఇది రోజూ చూసేదే. ఇసక మీద రెండో గీత వస్తుంది, బురద మీద రాదు. వల ఎక్కడ దించాలో డ్రైవర్లు దాన్ని చూసే చెప్తారు. మీ ఇంజిను నీళ్ళు తోడి పోసే మూల కాబట్టి అక్కడ బురద కొట్టుకుపోయి గట్టి మన్ను తేలి ఉంటుంది. ఆయిలుకీ దీనికీ సంబంధం లేదు.

ఉండి_చెరువులు
మెషిన్ ఆటోలో ఉందా? ఆటో గెయిన్‌లో ఉంటే అది సిగ్నల్‌ని దాని ఇష్టమొచ్చినట్టు పెంచుతుంది, తగ్గిస్తుంది. ముందు మాన్యువల్‌లో పెట్టి చూడు బాబు. ఫ్యాన్లు ఆపి చూడు. ఏరేటర్లు తిరుగుతుంటే బుడగలకి తెరంతా చుక్కలే.

ఆకివీడు_కుర్రోడు
గెయిన్ మాన్యువల్‌లోనే ఉందండి, రెండు చోట్లా ఒకే నంబరు. ఫ్యాన్లు ఆపే చూశాను. శీను అన్న చెప్పింది నిజమే కావచ్చు, ఆ మూలలో కాలికి కాస్త గట్టిగానే తగులుతుంది.

భౌతికం_మాస్టారు (అమలాపురం)
మంచి ప్రశ్న. ముందు ఆ రెండో గీత ఎక్కడి నుంచి వస్తోందో చూద్దాం. మీ పరికరం పంపిన ధ్వని నేలను తాకి పైకి వస్తుంది. కొంత పరికరానికి అందుతుంది, అదే మొదటి గీత. మిగతాది నీటి ఉపరితలానికి లోపలివైపు నుంచి తగిలి, తిరిగి కిందికి దిగి, మళ్ళీ నేలను తాకి పైకొస్తుంది. అందుకు రెట్టింపు సమయం పడుతుంది కాబట్టి యంత్రం దాన్ని రెట్టింపు లోతుగా గీస్తుంది. ఆరడుగుల నీటిలో మొదటి ప్రతిధ్వని సుమారు 2.4 మిల్లీసెకన్లకి, రెండోది 4.8కి వస్తాయి.

అంటే రెండో గీతలో నేల రెండుసార్లు, ఉపరితలం ఒకసారి పాలుపంచుకుంటాయి. శీను గారు నేల సంగతి చెప్పారు, అది సరైనదే. ఉపరితలం సంగతి ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు నూనె. ధ్వని ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థంలోకి ఎంత దాటుతుందనేది సాంద్రతనీ ధ్వని వేగాన్నీ గుణిస్తే వచ్చే సంఖ్య మీద ఆధారపడుతుంది. నీటికి అది సుమారు 15 లక్షలు, గాలికి 410 చిల్లర. ఈ తేడా వల్ల నీటిలోంచి పైకి వచ్చిన ధ్వనిలో వెయ్యో వంతు మాత్రమే గాలిలోకి పోతుంది, మిగతాదంతా నీటిలోకే తిరిగొస్తుంది. నూనెలకు ఆ సంఖ్య 11 నుంచి 13 లక్షల మధ్య ఉంటుంది. అంటే ధ్వని దృష్టిలో నూనె దాదాపు నీరే. పైగా 200 కిలోహెర్ట్జ్ దగ్గర నీటిలో తరంగదైర్ఘ్యం 7.5 మిల్లీమీటర్లు. రంగులు కనిపిస్తున్నాయంటే మీ తెట్టు మందం ఇంచుమించు 0.3 నుంచి 5 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంత పెద్ద తరంగం అంత పలచని పొరను గుర్తించదు. పొర ధ్వనిని పీల్చడమూ జరగదు, అడ్డుకోవడమూ జరగదు.

కాంతి సంగతి వేరు. దాని తరంగదైర్ఘ్యం అర మైక్రాను దగ్గర ఉంటుంది, పొర మందంతో సరిపోలుతుంది. అందుకే కంటికి అన్ని రంగులు. మీ ధ్వని తరంగం దానికంటే పదివేల రెట్లకు పైగా పెద్దది.

రేవు_శీను
ఆయ్, అదే కదండీ నేనూ చెప్పింది. ఆయిలుకి సంబంధం లేదని.

భౌతికం_మాస్టారు
ఆగండి శీను గారూ, సగమే రాశాను. కరెంటు పోయింది.

నూనె పొర ధ్వనిని నేరుగా ఏమీ చేయదు. కానీ నీటి ఉపరితలం ఆకారాన్ని మారుస్తుంది, అక్కడుంది కీలకం. మధ్యాహ్నం గాలి వీస్తుంటే చెరువు మీద సన్న అలలు లేస్తాయి. ధ్వని లోపల నుంచి ఆ గరుకు ఉపరితలానికి తగిలితే నాలుగు దిక్కులకీ చెదిరిపోతుంది. దీన్నే పరిక్షేపణం అంటాం. తెట్టు ఉన్నచోట ఆ సన్న అలలు అణిగిపోతాయి. ఉపరితలం నునుపై ధ్వని చెదరకుండా తిన్నగా కిందికి తిరుగుతుంది. దాంతో రెండో గీత లావవుతుంది.

లెక్క వేస్తే ఎంత తేడా వస్తుందో చూడండి. ఉపరితలం ఎత్తుపల్లాల సగటు (వర్గమధ్యమ మూలం) ఒక మిల్లీమీటరు అనుకుందాం. 200 కిలోహెర్ట్జ్ ధ్వని నిలువుగా వచ్చి తగిలితే అద్దంలోలా తిన్నగా తిరిగే శక్తి నూటికి 6 వంతులే. మిగతా 94 చెదిరిపోతుంది. అదే గరుకుతనం 0.3 మిల్లీమీటర్లకు తగ్గితే తిన్నగా తిరిగేది నూటికి 78. మిల్లీమీటరులో మూడింట రెండు వంతుల మార్పుకి పదమూడు రెట్ల తేడా! ఈ లెక్కలో నూనె గుణాలు ఎక్కడా రాలేదు, గమనించండి. అల ఎత్తు, తరంగదైర్ఘ్యం, అంతే.

లంక_గాలి (ముమ్మిడివరం)
మాస్టారూ, ఒక మైక్రాను పొర అలను ఎలా ఆపుతుందండీ? బరువా? నూనె మీద గాలి జారిపోతుందా?

భౌతికం_మాస్టారు
రెండూ కాదు. వేడి పాల మీద ఊదండి. మీగడ కట్టకముందు ఊదితే అలలు లేస్తాయి, పలచగా మీగడ కట్టాక ఊదితే లేవవు. మీగడకి బరువేముంది? అల కదిలేటప్పుడు ఉపరితలం ఒకచోట సాగాలి, ఇంకోచోట ముడుచుకోవాలి. శుభ్రమైన నీరు అడ్డు చెప్పదు. పొర ఉంటే సాగినచోట అది పలచబడి తలతన్యత పెరుగుతుంది, ముడుచుకున్నచోట తగ్గుతుంది. ఈ తేడా ఉపరితలాన్ని వెనక్కి లాగుతుంది. దానికి ఇటలీ శాస్త్రవేత్త కార్లో మరంగోని పేరు పెట్టారు. ఆ లాగుడుకి పొర కింద నీటిలో రాపిడి పెరిగి అల శక్తి అక్కడే వేడిగా మారిపోతుంది. కొద్ది సెంటీమీటర్ల పొడవుండే సన్న అలల మీదే దీని ప్రభావం బాగా ఎక్కువ. మీటర్ల పొడవుండే అలను పెద్దగా కదిలించలేదు.

ఇందుకు మైక్రాను కూడా అక్కర్లేదు. ఒక అణువు మందం చాలు.

పాతపుస్తకాల_అంగడి (రాజమండ్రి)
గాలి జారిపోతుందని అనుకున్నవాళ్ళలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఉన్నాడు, కాబట్టి లంక_గాలి గారు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 1757లో ఓడల గుంపుతో కలిసి ప్రయాణిస్తుంటే రెండు ఓడల వెనక మాత్రం నీరు నున్నగా ఉండడం చూసి కెప్టెన్‌ని అడిగాడట. వంటవాళ్ళు జిడ్డు నీళ్ళు పారబోసి ఉంటారు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు జవాబొచ్చింది. తర్వాత లండన్‌లో క్లాపమ్ కామన్ అనే చోట ఒక చెరువులో ఒక చెంచా నూనె పోస్తే అర ఎకరం నీరు అద్దంలా అయిందని 1774లో రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు.

చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, అర ఎకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. భాగిస్తే రెండున్నర నానోమీటర్లు. అణువు పొడవు! ఆ భాగారం ఆయన చెయ్యలేదు. చేసి ఉంటే అణువుల సైజు నూరేళ్ళ ముందే తెలిసిపోయేది. 1890లో ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఆలివ్ నూనెతో కొలిస్తే 1.6 నానోమీటర్లు వచ్చింది. మరుసటి ఏడు ఆగ్నెస్ పోకెల్స్ అనే జర్మన్ ఆవిడ ఇంట్లో చేసుకున్న కొలతల్ని రేలీకి ఉత్తరం రాస్తే ఆయన వాటిని నేచర్ పత్రికకు పంపాడు. కాలేజీ మొహం చూడని మనిషి, వంటింటి సామానుతో చేసింది. ఆవిడ గురించి ఎవరూ సరిగ్గా చెప్పుకోరని నా బాధ.

ఫ్రాంక్లిన్ మొదట గాలి వెళ్ళే దిక్కున పోశాడు, నూనె వెంటనే గట్టుకి కొట్టుకొచ్చేసింది. తర్వాత గాలి వచ్చే దిక్కుకి వెళ్ళి పోస్తే పనిచేసింది. ప్రయోగం చేసేవాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నా.

సోనార్_మాజీ (విశాఖ, సొంతూరు నరసాపురం)
నేను నేవీలో సోనార్ మీద పనిచేసి రిటైరయ్యాను. మాస్టారు చెప్పింది సరైన లైను. దానికి మూడు మాటలు కలుపుతాను.

చెదిరింది అంటే పోయింది అని కాదు. ఉపరితలం గరుకైనా నునుపైనా ధ్వని మొత్తం నీటిలోకే తిరిగొస్తుంది. దిక్కు మారుతుంది, అంతే. అందుకే గాలి ఉన్నప్పుడు మీ రెండో గీత పూర్తిగా మాయమవకుండా ముక్కలుగా వస్తోంది. ఒక పింగుకి (పరికరం ఒకసారి పంపే ధ్వనికి) అదృష్టం కొద్దీ ఒక అల చదునుగా దొరుకుతుంది, తర్వాతి పింగుకి దొరకదు.

రెండోది, ఫ్రీక్వెన్సీ. అదే ఒక మిల్లీమీటరు గరుకుని 50 కిలోహెర్ట్జ్‌తో చూస్తే తిన్నగా తిరిగేది నూటికి 84. 10 కిలోహెర్ట్జ్‌తో చూస్తే 99కి పైనే. అంటే 10 దగ్గర ఆ చెరువు నూనె ఉన్నా లేకపోయినా అద్దమే. నిలువుగా చూసినప్పుడు తెట్టు ప్రభావం హై ఫ్రీక్వెన్సీ వాళ్ళకే తెలుస్తుంది.

అయితే ఏటవాలుగా, ఉపరితలానికి దాదాపు సమాంతరంగా ధ్వని పంపినప్పుడు కథ మారుతుంది. అప్పుడు మన వైపు వెనక్కి తిరిగొచ్చేది ఒక ప్రత్యేకమైన అల నుంచి: ధ్వని తరంగదైర్ఘ్యంలో సగం పొడవున్న అల. స్ఫటికాల్లో ఎక్స్ కిరణాలకి బ్రాగ్ చెప్పిన సూత్రమే ఇక్కడా. 10 కిలోహెర్ట్జ్‌కి అది 7.5 సెంటీమీటర్ల అల. నూనె పొర సరిగ్గా అలాంటి అలల్నే చంపుతుంది. కాబట్టి ఆ కోణంలో తెట్టు ఉన్నచోట వెనక్కి వచ్చే రొద తగ్గుతుంది. 1 కిలోహెర్ట్జ్‌కి 75 సెంటీమీటర్ల అల కావాలి, దాన్ని తెట్టు పెద్దగా పట్టించుకోదు.

చూశారా, ఒకే తెట్టు: నిలువుగా చూస్తే ప్రతిధ్వని పెరిగింది, ఏటవాలుగా చూస్తే తగ్గింది. "ఆయిల్ సౌండ్‌ని పెంచుతుందా తగ్గిస్తుందా" అని అడిగేవాళ్ళకి ముందు ఏ కోణం అని ఎదురు అడగాలి.

మూడోది బుడగలు. సముద్రంలో గాలి పెరిగి అలలు విరగడం మొదలయ్యాక ఉపరితలం కంటే దాని కిందున్న బుడగలే ఎక్కువ రొద చేస్తాయి. బుడగ వ్యాసార్థం మిల్లీమీటర్లలో, ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లో తీసుకుని గుణిస్తే 3.26 వస్తే ఆ బుడగ ఆ ధ్వనికి మోగుతుంది. 1933లో మినార్ట్ కనిపెట్టిన లెక్క. మీ 200 కిలోహెర్ట్జ్‌కి 16 మైక్రాన్ల బుడగ చాలు. ఉండి వారు ఫ్యాన్లు ఆపమన్నది అందుకే.

రేవు_శీను
అంతా బాగుందండీ. కానీ నేను ఇరవై రకాల నేలలు చూశాను, నేల గట్టిదైతే గాలున్నా రెండో గీత వస్తుంది. అబ్బాయి మూలలో నేల గట్టిది అని అబ్బాయే ఒప్పుకున్నాడు. ఇక ఆయిలెందుకు మధ్యలో?

భౌతికం_మాస్టారు
న్యాయమైన అభ్యంతరం. దాన్ని తేల్చడానికి నూనె చుక్క కూడా పోయనక్కర్లేదు. తెల్లవారుజామున, ఆకు కదలనప్పుడు రెండు చోట్లా చూడండి. గాలి లేకపోతే అలలుండవు, అలలు లేకపోతే తెట్టుకి చేయడానికి పనే ఉండదు. అప్పుడూ ఆ మూలలోనే రెండో గీత లావుగా ఉంటే శీను గారిది రైటు. రెండు చోట్లా సమానంగా వస్తే తేడా ఉపరితలానిది.

ఆకివీడు_కుర్రోడు
చూశానండి. సూర్యుడు రాకముందు, చెరువు అద్దంలా ఉన్నప్పుడు. అవతలి గట్టు దగ్గర కూడా రెండో గీత వచ్చింది! మూలలో ఉన్నంత లావు కాదు, దానికి ముప్పాతిక ఉంటుందేమో, కానీ తెగకుండా వచ్చింది. తొమ్మిది దాటి గాలి మొదలయ్యాక అవతలి గట్టుది ముక్కలైపోయింది, మూలది అలాగే ఉంది.

రేవు_శీను
ఆ మిగిలిన పావలా నాదే. గట్టి నేల.

సోనార్_మాజీ
ఒప్పుకోవాల్సిందే. మీ పావలా మీకిచ్చేశాం.

లంక_గాలి
నాదో డౌటు. ఆ మూలకి కొబ్బరి చెట్లు అడ్డం ఉన్నాయా? తెట్టు ఎప్పుడూ గాలి తోసిన మూలకో, గాలి తగలని చాటుకో చేరుతుంది. చాటున అలలు ఎలాగూ తక్కువే. నూనె వల్ల నునుపైందా, నునుపుగా ఉన్నచోటికి నూనె చేరిందా?

భౌతికం_మాస్టారు
భలే. ఈ ప్రశ్న వేయాల్సింది నేను.

ఆకివీడు_కుర్రోడు
చెట్లున్నాయండి, దక్షిణం వైపు వరసగా. పైరగాలి అటు నుంచే వస్తుంది.

ఉండి_చెరువులు
అయితే ఒకే చోట ముందూ తర్వాతా చూడాలి. దానికి నా దగ్గర మార్గముంది. నర్సరీ చెరువుల్లో చేపపిల్లని వదిలే ముందు మేం సబ్బు, నూనె కలిపి చల్లుతాం. పిల్లని తినేసే నీటి పురుగులు గాలి కోసం పైకొస్తాయి, పొర ఉంటే ఊపిరాడక చస్తాయి. హెక్టారుకి 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు అని పాత లెక్క. ఈ వారం నాకెలాగూ ఆ పని ఉంది. పిల్ల ఇంకా రాలేదు, గట్ల మీద చెట్లు లేవు. కుర్రోడు మెషిన్ పట్టుకుని వస్తే చూద్దాం, మా ఊరు ఉండి ఎంత దూరం?

పాతపుస్తకాల_అంగడి
56 కిలోలంటే 60 లీటర్లకు పైనే. హెక్టారు మీద పరిస్తే 6 మైక్రాన్లు. ఫ్రాంక్లిన్ చెంచాతో పోలిస్తే మీరు రెండువేల రెట్లు ఎక్కువ పోస్తున్నారండీ!

ఉండి_చెరువులు
ఆయన పురుగుల్ని చంపలేదు కదండీ.

కోరంగి_విద్యార్థిని
నేను మడ అడవుల దగ్గర నీటిలోపలి శబ్దాల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఈ చర్చా దారం చదువుతుంటే వాన శబ్దం గుర్తొచ్చింది. ఒక మిల్లీమీటరు దగ్గరుండే చిన్న చినుకులు పడ్డప్పుడు నీటిలో 15 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టి మోత వస్తుంది. చినుకు తగిలిన చప్పుడు కాదది, చినుకు గుంట మూసుకునేటప్పుడు లోపల చిక్కిన బుడగ మోత. సోనార్ సారు చెప్పిన 3.26ని 15తో భాగిస్తే బుడగ సైజు వస్తుంది, మిల్లీమీటరులో అయిదో వంతు. నీటి మీద సబ్బులాంటి పొర ఉంటే బుడగ చిక్కడమే తగ్గి ఆ మోత పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. పొర ధ్వనిని తగ్గించలేదు, పుట్టనివ్వలేదు.

మాస్టారి పాయింటుకి ఇది తోడు. మా గైడు గారికి కూడా ఈ దారం పంపాను.

పంటు_ప్రయాణికుడు (సఖినేటిపల్లి)
నాదీ ఒక ప్రశ్న, కాస్త పక్కకి. వేకువన మా రేవులో నిలబడితే అవతల నరసాపురంలో మైకు పాటలు పక్కింట్లో పెట్టినట్టు వినిపిస్తాయి. మధ్యాహ్నం ఏమీ వినిపించదు. రేవులో పంటు డీజిల్ తెట్టు ఎప్పుడూ ఉంటుంది. అదేమైనా కారణమా?

సోనార్_మాజీ
మా ఊరి పాటలు మీకు వినిపిస్తున్నందుకు సంతోషం. తెట్టు కారణం కాదు. వేకువన నీటిని ఆనుకున్న గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలిలో ధ్వని వేగం ఎక్కువ, అందువల్ల పైకి పోవాల్సిన ధ్వని వంగి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం తలకిందులు, ధ్వని ఆకాశంలోకి పోతుంది. పైగా గాలిలో పాట తరంగం జానెడు నుంచి మీటర్ల దాకా ఉంటుంది, సన్న అలలు దానికి లెక్కలోకి రావు. నది నున్నగా ఉన్నా లేకున్నా మీకు పెద్ద తేడా తెలియదు.

లంక_గాలి
జలాంతర్గామి చుట్టూ నూనె పోసేస్తే సోనార్‌కి దొరక్కుండా దాక్కోవచ్చన్నమాట 😀

సోనార్_మాజీ
పోస్తే పైనున్న విమానానికి దొరుకుతుంది. సముద్రంలో గాలి సెకనుకి ఏడు మీటర్లు దాటితే పలచటి పొరలు చెదిరి నీటిలో కలిసిపోవడం మొదలవుతుంది. పెద్ద అలలు ఎలాగూ ఉంటాయి, వాటి మీద పొరకి పట్టు లేదు.

కోరంగి_విద్యార్థిని
విమానమే కాదు, ఉపగ్రహానికీ దొరుకుతుంది. రాడార్ ఉపగ్రహాలు తెట్టును కనిపెట్టేది ఇదే సూత్రంతో. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-1 రాడార్ తరంగం 5.6 సెంటీమీటర్లు, దానికి కావాల్సిన అలలు కోణాన్ని బట్టి నాలుగు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు. తెట్టు ఉన్నచోట ఆ అలలుండవు కాబట్టి వెనక్కి పెద్దగా ఏమీ రాదు, బొమ్మలో నల్ల మరకలా పడుతుంది. గాలి మరీ తక్కువైతే సముద్రమంతా నలుపే, మరీ ఎక్కువైతే తెట్టు కూడా తెలుపే. మధ్యలోనే పని జరుగుతుంది. కుర్రోడి చెరువులో వేకువన తేడా తెలియకపోవడం కూడా అదే కదా.

2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పటి ఆయిల్ గుర్తుందా? అలాంటప్పుడు తెట్టు ఎటు కొట్టుకుపోతుందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) అంచనాలు ఇస్తుంది.

గోదారి_నీళ్ళు
ఆయిల్ తెట్టు అంటే ఎన్నూరు దాకా ఎందుకు, మన కేజీ బేసిన్ బావుల సంగతి

నిర్వాహకుడు
పై పోస్టులో మిగతా భాగం తీసేశాను. గ్యాస్ బావులు, నష్టపరిహారం గురించి వేరే దారం నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ ధ్వని గురించి మాత్రమే.

ఆకివీడు_కుర్రోడు
ఉండి ఊరు వెళ్ళొచ్చానండి. బాబాయ్ గారి చెరువు మూడడుగుల లోతు, నేల గీత మూడు దగ్గర, రెండోది ఆరు దగ్గర. మధ్యాహ్నం మూడింటికి గాలి బాగానే వీస్తోంది, నీటి మీద సన్నటి ముడతలు. మెషిన్‌ని వెదురు కర్రకి కట్టి ఒకేచోట నిలిపాం, గెయిన్ మార్చలేదు. చల్లకముందు రెండో గీత ముక్కలు ముక్కలు.

అంగడి గారు చెప్పినట్టు గాలి వచ్చే గట్టు నుంచి చల్లడం మొదలుపెట్టారు. నునుపు మా వైపు పాకుతూ రావడం కంటికే కనిపించింది. మెషిన్‌ని దాటిన కాసేపటికి రెండో గీత అతుక్కుంది, తొమ్మిదడుగుల దగ్గర మూడోది కూడా పలచగా కనిపించింది. మొదటి నేల గీతలో నాకు తేడా తెలియలేదు. కాసేపటికి పొర అవతలి గట్టుకి కొట్టుకుపోయి మధ్యలో ఖాళీలు పడ్డాయి. ఖాళీ మా మీదుగా వెళ్ళినప్పుడల్లా రెండో గీత మళ్ళీ తెగింది. రికార్డింగ్ అంతా ఉంది, బొమ్మలు సాయంత్రం పెడతాను.

భౌతికం_మాస్టారు
మొదటి గీత మారలేదన్నది ఇందులో అన్నిటికంటే విలువైన మాట. మొదటి గీత దారిలో ఉపరితలం లేదు. పొర నీటిలో ధ్వనిని పీల్చేదైనా, పరికరం పనితీరును మార్చేదైనా అది కూడా మారేది. లంక_గాలి గారి చాటు సంగతి కూడా తేలిపోయింది, గట్టు మారలేదు, చోటు మారలేదు.

మూడో గీతలో ఉపరితలం రెండుసార్లు వస్తుంది కాబట్టి అది ఇంకా సున్నితంగా ఉండాలి. రికార్డింగ్‌లో మూడోది రెండోదానికంటే ముందే తెగుతుందేమో చూడండి.

ఆకివీడు_కుర్రోడు
చూశాను మాస్టారూ, ముందు మూడోదే పోతోంది.

ఉండి_చెరువులు
ఇంతకీ నాకు కావాల్సింది ఇది. ఈ మెషిన్‌తో తెట్టు ఎంత మందం ఉందో తెలుస్తుందా? సబ్బు నూనె సరిపోయిందో లేదో తెలిస్తే ఖర్చు కలిసొస్తుంది.

సోనార్_మాజీ
తెలియదండి. ఒక అణువు మందమైనా ఆరు మైక్రాన్లయినా అలలు అణిగితే మీకు ఒకే గీత వస్తుంది. ఉందా లేదా అన్నదే తెలుస్తుంది, అదీ గాలి ఉన్నప్పుడే. ధ్వనితో మందం కొలవాలంటే నూనె అడుగు నుంచి ఒక ప్రతిధ్వని, పైనుంచి ఇంకోటి విడివిడిగా రావాలి. అందుకు పొర మిల్లీమీటర్లలో ఉండాలి, ధ్వని మెగాహెర్ట్జ్‌లో ఉండాలి. అంత మందం ఓడ మునిగినచోట ఉంటుంది, మీ చెరువులో ఉంటే పిల్లని మరిచిపోవచ్చు.

భౌతికం_మాస్టారు
ఇంట్లో చూడాలనుకునే పిల్లలకి ఒక మాట. డీజిల్ పోయకండి, కాలువల్లో ఏ నూనె పోయకండి. సొంత తొట్టె చాలు. ఒక కొబ్బరినూనె చుక్క ఇరవై చదరపు మీటర్లు పరుచుకోగలదు. శీతాకాలం పొద్దున్నే మన వైపు అది గడ్డకట్టి ఉంటుంది, నువ్వుల నూనె వాడండి.

ఆకివీడు_కుర్రోడు
బొమ్మలు పెట్టాను. పెదనాన్న ఇంజిను కింద రేకు పెట్టించారు. అసలు పని మిగిలే ఉంది, బురద ఎక్కడ ఎంత ఉందో రెండో గీతతో తెలుసుకోవాలంటే ఎలా?

రేవు_శీను
వేకువన వెళ్ళు. గాలి లేనప్పుడు పైన అంతటా ఒకటే నునుపు కాబట్టి తేడా వస్తే అది నేలదే. చెరువంతా ఒకే గెయిన్‌లో తిప్పు. రెండో గీత బాగా పలచబడ్డచోట కర్ర దించి చూడు, బురద అక్కడుంటుంది. ఎండెక్కాక మాత్రం ఆ గీతని నమ్మకు.